రెండో ఊపిరితిత్తి

"కొలతను ఎంత నమ్మాలి, మనకు ముందే తెలిసినదాన్ని ఎంత నమ్మాలి మేడమ్?" అని సుధీంద్ర అడిగాడు. ఆచార్య విశాలాక్షి గారు ఇలాంటివాటికి నోటితో జవాబు చెప్పరు. వినీ విననట్టు ఊరుకుంటారు, శిష్యుడు నాలుగు రోజులు గింజుకుంటాడు. పక్క గదిలో పనిచేసే నాకు ఈ పద్ధతి చూస్తే ఒళ్లు మండేది, ఆ శుక్రవారం దాకా.

వాళ్ల పని ఇది. ఛాతీ చుట్టూ పదహారు లోహపు బిళ్లలున్న పట్టీ కట్టి, ఒంటికి తెలియనంత కరెంటు పంపుతారు. చర్మం మీద అందిన వోల్టేజీలను బట్టి, లోపల కరెంటు ఎక్కడ తేలిగ్గా పారుతోందో కంప్యూటరు ఊహించి బొమ్మ గీస్తుంది. ఊహకూ కొలతకూ ఉన్న తేడాను మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ పోతుంది. గాలిలో కరెంటు పారదు కనుక, గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా కనబడుతుంది. చిక్కేమిటంటే, ఎన్నో బొమ్మలు అవే కొలతలకు ఇంచుమించు సరిపోతాయి. అందుకని ఆరోగ్యవంతుడి ఛాతీ ఎలా ఉంటుందో ముందే లెక్కలో కలిపి, కంప్యూటరును కొంత అటువైపు మొగ్గమంటారు. సుధీంద్ర ఆ మొగ్గును బాగా పెంచాడు. బొమ్మలు చూడముచ్చటగా వచ్చాయి. సోమవారం నుంచి ఆస్పత్రిలో వాటిని చూసే, రోగికి వెంటిలేటరుతో ఎంత గాలి పెట్టాలో డాక్టర్లు తేల్చుకోవాలి.

శుక్రవారం పొద్దున మేడమ్ సన్యాసిరావు అనే పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చారు. క్వారీలో పనిచేసి మానేసిన మనిషి. సుధీంద్ర పట్టీ కట్టాడు. తెర మీద రెండు ఊపిరితిత్తులు ముద్దుగా తేలాయి. ఆయన తెరకేసి వేలు చూపించాడు.

"బాబూ, నా ఎడం పక్కది కోసి తీసీసి పన్నెండేళ్లయినాది. మరిదేటి?"

సుధీంద్రకు తల కొట్టేసినట్టయింది. సాకులు చెప్పకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొగ్గు సగానికి తగ్గించాడు, ఎడమది పోలేదు. మరీ తగ్గిస్తే బొమ్మంతా మచ్చలు. మళ్లీ మొదలుపెట్టాడు. భోజనానికి కూడా లేవలేదు. "నానూ సూసే ఎల్తాను," అని సన్యాసిరావు బెంచీ మీద బైఠాయించాడు. ఆ ఇద్దరి పట్టుదల చూసి నాకు ముచ్చటేసింది. సాయంత్రం నాలుగింటికి, పదకొండోసారికి, కుడివైపు ఒక్కటే నల్లగా మిగిలింది. అంచులు చెదిరిపోయి, బొమ్మ అలుకు గుడ్డలా ఉంది.

"బాగా రాలేదు మేడమ్," అన్నాడు సుధీంద్ర.

మేడమ్ కళ్లజోడు సవరించుకుని చూశారు.

"ఇది సన్యాసిరావు గారిది. ఇందాకటిది ఎవరిదో మరి, నాకు తెలీదు."