చౌడమ్మ గుచ్చిన ఈతముల్లు

అనగనగనగా, కంటికంటే చెవిని ఎక్కువ నమ్మే ఒక రాజ్యం ఉండేది. దాని పేరు శరభవరం. ఏలేవాడు శరభరాయుడు.

ఆ రాజ్యంలో పిల్లా పెద్దా అందరికీ ఒకటే పిచ్చి, తోలుబొమ్మలాట. పంటలు ఇళ్ళకు చేరగానే పన్నెండు మేళాలు పన్నెండు పేటల్లో తెల్లటి తెరలు కట్టేవి. తెర వెనక ఆముదం దీపం, దీపానికీ తెరకూ నడుమ రంగురంగుల బొమ్మలు. చలికాలమంతా ఆటలే.

మాఘమాసం రాగానే ఐదుగురు పండితులు కొలువులో కూర్చుని, పన్నెండింటిలో ఐదు మేళాల పేర్లు ఎంచేవారు. ఆ ఐదింటిలో ఒకదాని పెద్దకు పౌర్ణమినాడు రాజుగారు కాలికి బంగారు గండపెండేరం తొడిగేవారు.

ఐదు పేర్లూ ఒక్కసారే చెబితే ఏం పోయింది? చెప్పరు. మొదటిరోజు రెండు, రెండోరోజు రెండు, మూడోరోజు ఒకటి, దండోరా వేసి చెప్పేవారు. జనం గుండెలతో ఆడుకోవడం కొలువులకు మొదటినుంచీ సరదానే.

ఆ పన్నెండు తెరలూ ఉతికే మనిషి చౌడమ్మ. ఏటి రేవులో ఆమెదో బండ, ఆమెదో గాడిద. ఆడినా ఆడకపోయినా, మాఘమాసానికి ముందు తెరలన్నీ ఆమె దగ్గరికి రావలసిందే. మసి చూసి ఏ మేళం ఎంతసేపు ఆడిందో చెప్పేసేది. ఆటలో కదలకుండా నిలబడవలసిన బొమ్మను ఈతముల్లుతో తెరకు గుచ్చుతారు. ఆ చిల్లులు చూసి ఏ బొమ్మ ఎక్కడ నిలబడిందో కూడా చెప్పేది. తరవాత ఒక్కో చిల్లూ సన్నదారంతో పూడ్చి, గంజి పెట్టి, మడత పెట్టి ఇచ్చేది.

చెయ్యి అంత మెత్తన. నోరు మాత్రం సున్నపుబట్టీ.

ఆమెకు ప్రాణం తిప్పక్క మేళమంటే. తిప్పక్క అరవై ఏళ్ళ మనిషి, ఆడవాళ్ళే ఉన్న మేళానికి పెద్ద. ఆ ఏడు ఆమె ఆడిన ఆటలో ఒక గొల్లముసలమ్మ, తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ మూడు కొండలు ఎక్కి దిగుతుంది. చిట్టచివర మేకపిల్ల దొరుకుతుంది. కదలదు. ఉందో పోయిందో తెలియదు. మద్దెల ఆగిపోతుంది. పేటంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, మేకపిల్ల చెవి ఒక్కటి, గోరంత కదులుతుంది.

ఆ చెవి కోసం చౌడమ్మ తొమ్మిదిసార్లు ఆ ఆట చూసింది. తొమ్మిదిసార్లూ ఏడ్చింది.

కానీ పోయినేడు ఐదింటిలో తిప్పక్క పేరు లేదు. అంతకు ముందేడూ లేదు. చిరిగి పనికిరాని బొమ్మలను ఏట్లో విడిచిపెట్టడం బొమ్మలవాళ్ళ ఆచారం. ఈసారి తెర ఉతకడానికి ఇస్తూ తిప్పక్క ఒకే మాట అంది. "పిలుపు లేని బొమ్మ చచ్చిన బొమ్మేనే చౌడీ. ఈ ఏడూ పేరు రాకపోతే అన్నిటినీ ఏట్లో విడిచేస్తా. మేకపిల్లతో సహా."

ఇక చౌడమ్మకు కాలు నిలుస్తుందా?

మొదటిరోజు తెల్లవారకముందే రేవుకు వచ్చింది. ఉతికిన గుడ్డే మళ్ళీ ఉతికింది. ఆరేసిన గుడ్డ తీసి మళ్ళీ తడిపింది. దండోరా మోగగానే కుంకుడుకాయ నురగ చేతులతోనే వీధి మలుపుకు పరిగెత్తింది. ఏనుగుల గోవిందు మేళం. జంటమద్దెల మేళం. తిప్పక్క పేరు లేదు.

గోవిందు బొమ్మ ఎత్తు తాటిచెట్టంత, కథ ఎత్తు తమలపాకంత అని ఆమె రేవు రేవంతా వినబడేలా చెప్పింది. జంటమద్దెలవాళ్ళు ఆట మరిచిపోయి మద్దెల వాయిస్తారనీ, అంత చప్పుడు కావాలంటే తన బండ దగ్గరికి రావచ్చనీ అంది. ఈ రెండూ ఆమె చూసిన ఆటలే. తిట్టినా చూసి తిట్టింది.

రెండోరోజు పొయ్యి మీద గంజి పెట్టి మరిచిపోయింది. గంజి మాడి బొగ్గయింది. దండోరా మోగింది. దీపాల పేరయ్య మేళం. నరసింగు మేళం. తిప్పక్క పేరు లేదు.

పేరయ్యను ఏదో పోనిమ్మంది. నరసింగు పేరు వినగానే మాత్రం గుడ్డ ఎత్తి బండకేసి ఒక్కటి బాదింది. కాకులను పెట్టి ఆడించేదీ ఒక ఆటేనా, వాడు తెర కట్టుకునే బదులు గోచీ కట్టుకుని ఊరేగితే అంతకంటే ఎక్కువ నవ్వొస్తుంది అంది. దండోరావాడు విన్నాడు. పక్క బండవాళ్ళూ విన్నారు.

ఆమె గాడిద కూడా విన్నది. ఆ రోజుల్లో గాడిదలు మాట్లాడేవి. ఇప్పుడు ఆ పని మనుషులే చూసుకుంటున్నారు.

"నరసింగు ఆట ఎప్పుడు చూశావమ్మా?" అంది గాడిద.

"చూడాలా ఏం? వాడి పేటవాళ్ళు మన తిప్పక్కను చూసి నవ్వారు. చాలదూ?"

గాడిద చెవులు ఒకసారి ఆడించి గడ్డిలో మూతి పెట్టింది. చౌడమ్మకు ఆ చెవులు ఆడించడం నచ్చలేదు.

మూడోరోజు ఆమె తినలేదు, ఉతకలేదు, కూర్చోలేదు. రేవుకూ మలుపుకూ నడుమ ఎన్ని అడుగులో తెలిసిపోయేంతగా తిరిగింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి దండోరా మోగింది. ఒకే ఒక్క పేరు.

రాజనగరి మహామండలి.

చౌడమ్మ నోట మాట లేదు. చూసినవాళ్ళు భయపడ్డారు. ఆమె తిడితే అలవాటే గానీ, ఊరకుంటే ఎలాగో వాళ్ళకు తెలియదు.

మహామండలి పేరు ఏటా వచ్చేదే. తాత వేసిన దారి మీద పశువు నడిచినట్టు పండితుల చేతులు ఆ పేరు వాటంతటవే రాసేస్తాయి. కానీ ఈసారి ఆమె కళ్ళు మడతపెట్టిన తెరల దొంతర మీద పడ్డాయి. అడుగునుంచి మహామండలి తెర లాగింది. మడత విప్పబోతే పటపటమంది.

అదే సమయానికి ఏటి ఎగువన తిప్పక్క కనబడింది. నెత్తిన బొమ్మలపెట్టె. చౌడమ్మ పరుగున వెళ్ళి దారికి అడ్డం నిలబడింది. పొద్దు వాలేదాకా ఆగమని కాళ్ళు పట్టుకుంది. తిప్పక్క పెట్టె దించి దాని మీదే కూర్చుంది. "పొద్దు వాలేదాకానే" అంది.

చౌడమ్మ గాడిద మీద తెరలు వేసి కొలువుకు తోలింది.

కొలువు గుమ్మం దగ్గర ఒక రాయి ఉండేది. రాజుగారి తాత చెక్కించినది. దాని మీద ఒకటే మాట. "చూచినవాడే చెప్పవలెను." రోజూ వందమంది ఆ రాతిని దాటి వెళ్ళేవారు. చెప్పులు దానికి ఆనించి విడిచేవారు.

చౌడమ్మ సభ మధ్య నిలబడి, మహామండలి పేరు ఎందుకు రాశారో వినిపించమని వేడుకుంది. పండితులకు పెద్ద భూషణాచార్యులు తాటాకు తీసి చదివాడు. ఈ ఏటి ఆటలో మహామండలి తెర మీద కరుణరసం ఏరై పారినదట. దీపకాంతి వెన్నెలను సిగ్గుపరచినదట.

చౌడమ్మ మొదట తిప్పక్క తెర విప్పి, గుమ్మంలోంచి పడే ఎండకు అడ్డం పట్టింది. ఇంకా పూడ్చని చిల్లులు. తెర నిండా చుక్కలు పొడిచినట్టు వెలుగు. తరవాత మహామండలి తెర పట్టింది. ఒక్క చుక్క లేదు. ఒక్క మసిమరక లేదు.

"ప్రభూ, ఇది నేను పోయినేడు పెట్టిన గంజి" అంది. "నేను పోయినేడు వేసిన మడత. నేను పూడ్చిన చిల్లు ఒక్కటీ తెరుచుకోలేదు. ఈ చలికాలం ఈ తెర దీపం మొహమే ఎరగదు. ఇక ఆ ఏరు ఎక్కడ పారిందో అయ్యవారినే అడగండి. నేనూ వెళ్ళి నాలుగు గుడ్డలు జాడించుకొస్తాను."

రాజు మహామండలి పెద్దను పిలిపించాడు. చలికాలమంతా కామెర్లతో మంచంలో ఉన్నానని ఆయన ఒప్పుకున్నాడు. తన పేరు విని తానూ ఆశ్చర్యపోయాడట. కాదంటే పండితులను అవమానించినట్టవుతుందని ఊరకున్నాడట.

సభలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. భూషణాచార్యుల మొహం మాడిన గంజిలా అయింది. అయినా పండితుడు కదా, తేరుకున్నాడు.

"ప్రభూ, ఈమె రేవులో మిగిలిన నాలుగు మేళాలనూ నోటికి వచ్చినట్టు తిట్టినది. దండోరావాడు సాక్షి. ఆ నాలుగూ ఈమె చూచినదా? గుమ్మం రాయి మాకు ఒకటీ ఈమెకు ఒకటీ కాదు కదా. చూడక చెప్పినవారి ఫిర్యాదు చెల్లదు."

రాజు చౌడమ్మ వైపు తిరిగాడు. "చూశావా?"

అవును అంటే చాలు. ఎవరికి తెలుస్తుంది? ఏటి దగ్గర పెట్టె మీద తిప్పక్క కూర్చుని ఉంది. పొద్దు వాలుతోంది. చౌడమ్మ పెదవి తడుపుకుంది. గుమ్మం అవతల గాడిద చెవులు కనబడ్డాయి. ఆడటం లేదు. నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"మూడు చూశాను ప్రభూ" అంది. "నరసింగు ఆట చూడలేదు. చూడకుండానే తిట్టాను."

భూషణాచార్యులు శాలువా సర్దుకుని, అయితే ఫిర్యాదు కొట్టివేయవలెనన్నాడు.

"కొట్టేయండి" అంది చౌడమ్మ. "నా మాట కొట్టేయండి, అయ్యవారి తాటాకూ కొట్టేయండి. ఇద్దరం ఒకే తప్పు చేశాం. కానీ తెరను ఎలా కొట్టేస్తారు? అబద్ధమాడింది నా నోరు. తెర ఆడలేదు."

శరభరాయుడు లేచి వెళ్ళి, గుమ్మం రాయికి ఆనించిన చెప్పులన్నీ తన చేత్తో పక్కకు పెట్టాడు. అప్పుడు తీర్పు చెప్పాడు. మహామండలి పేరు తీసివేత. దాని చోట తిప్పక్క మేళం. ఆ ఐదు మేళాలూ పౌర్ణమిలోగా కోటముందు మళ్ళీ ఆడాలి. నలుగురు పండితులూ జనంతోపాటు చాప మీద కూర్చుని చివరి వత్తి ఆరేదాకా చూడాలి. భూషణాచార్యులు కూడా చూడాలి గానీ ముల్లు గుచ్చకూడదు. ఆయన ముల్లు చౌడమ్మది.

ముల్లు అంటే ఏమిటంటారా? పౌర్ణమినాడు ఐదు తెరలూ కొలువులో వేలాడదీస్తారు. ఎంచేవారు ఒక్కొక్కరూ తమకు నచ్చిన మేళం తెరకు ఒక ఈతముల్లు గుచ్చుతారు. ఎక్కువ ముళ్ళు ఎవరివైతే గండపెండేరం వారిది.

చౌడమ్మ ఏటికి పరుగెత్తింది. పొద్దు నీళ్ళను తాకుతోంది. తిప్పక్క ఒక కాలు నీళ్ళలో పెట్టి ఉంది. కబురు విని కాలు వెనక్కు తీసుకుంది. పెట్టె ఎత్తుకోవడానికి ఆ రోజు ఆమెకు ఎవరి సాయమూ అక్కరలేకపోయింది.

ఐదు ఆటలూ ఆడారు. నాలుగో ఆట నరసింగుది, కాకులకు పట్టాభిషేకం. చౌడమ్మ చేతులు కట్టుకుని, మూతి బిగించుకుని కూర్చుంది. మొదటి కాకి కిరీటం తలకిందులుగా పెట్టుకుంటే మూతి కాస్త వదులయింది. రెండో కాకి సింహాసనం కింద దాక్కుంటే పొట్ట పట్టుకుంది. చివరికి రాజైన కాకికి ఒక అన్నం మెతుకు దొరుకుతుంది. కాకి కదా, అలవాటుగా కావుమని పిలుస్తుంది. రాజు దగ్గరికి రావడానికి భయపడి ఏ కాకీ రాదు. మెతుకు అలాగే ఉంటుంది. కాకి కిరీటం తీసి పక్కన పెట్టి, మళ్ళీ పిలుస్తుంది.

చౌడమ్మ చేతులు ఎప్పుడు విడిపోయాయో ఆమెకే తెలియదు. కొంగు తడిసి ఉంది.

పౌర్ణమి వచ్చింది. నలుగురు పండితులూ గుచ్చారు. తిప్పక్క తెరకు రెండు ముళ్ళు. నరసింగు తెరకు రెండు. మిగిలింది చౌడమ్మ చేతిలోని ముల్లు.

ఇక చెప్పేదేముందని జనం అప్పుడే తిప్పక్క వైపు తిరిగి చప్పట్లు మొదలుపెట్టారు. ఎటని గాడిద గుమ్మంలోంచి అడిగింది. చౌడమ్మ నోరు మూసుకోమంది. ముల్లు ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చింది. తిప్పక్క తెర దగ్గరికి నడిచింది. తాను ఏటా పూడ్చే చిల్లును వేలితో తడిమింది. మేకపిల్ల నిలబడే చోటు అది. అక్కడ చాలాసేపు నిలబడింది.

తరవాత ముందుకు నడిచి, నరసింగు తెరకు ముల్లు గుచ్చింది.

చప్పట్లు ఆగిపోయాయి. రాజు నరసింగు కాలికి గండపెండేరం తొడుగుతుంటే చౌడమ్మ నేల చూపులు చూస్తూ తిప్పక్క ఎదుటికి వచ్చింది. పదిసార్లు చూశానక్కా, నాకు ఇప్పటికీ నీ ఆటే ప్రాణం, కానీ ఈ ఏడు వాడి కాకి గెలిచింది అని చెప్పబోయింది.

తిప్పక్క ఆమెను ఎగాదిగా చూసింది. "ఏమే చౌడీ, నాకు గుచ్చుతావనుకుంటే నాకే గుచ్చావా?" అంది. తరవాత బొమ్మలపెట్టె చంకన పెట్టుకుంది. "ఆ కాకి మెతుకు దగ్గర నేనూ ఏడ్చాలే. వచ్చే ఏడు చూడు, మేకపిల్ల చెవి కాదు, తోక కూడా కదిలిస్తా. ముందు నా తెర మసి వదిలించు, ఇంకా వాసనొస్తోంది."

అని ఇంటిదారి పట్టింది. ఏటిదారి కాదు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ: కన్ను చూశాకే నోరు తూచాలి, ఎందుకంటే చూడని పొగడ్తా చూడని తెగడ్తా రెండూ ఒకే అబద్ధం.