పులుపుకు కరిగిన రోలు

అనగనగా ఒక ఊళ్ళో ఎటు చూసినా రాళ్ళేనంట. గోడలు రాళ్ళే, గడపలు రాళ్ళే, ఆవులు కుడితి తాగే తొట్లు కూడా రాళ్ళే. ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒకామె రోళ్ళు చెక్కేది. చెయ్యి తిరిగిన మనిషే. కాకపోతే కాస్త బద్ధకం, బోలెడు గొప్పలు. నవ్వకు బంగారూ, నీకూ ఉన్నాయవి.

ఆమెకు ఓబులమ్మ అని ఒక్కగానొక్క చెల్లెలు. ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది. అక్కడి ఆనవాయితీ ఏమిటంటే, కొత్త కోడలు పుట్టింటి రోలు తెచ్చుకోవాలి. ఆ రోట్లో తన చేత్తో చింతపండు పచ్చడి నూరి అత్తింటివాళ్ళకు వడ్డించాలి. అదే ఆమె మొదటి వంట.

"నా చెల్లెలికి కొండ మీది గుండురాతితో రోలు చెక్కి ఇస్తా చూడండి. మునిమనవరాళ్ళ దాకా అరగదు" అని సుంకులమ్మ ఊరంతా చాటింది. చాటి ఊరుకుంది. గుండురాయి అంత తేలిగ్గా ఉలికి లొంగదు మరి, అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఇవాళ రేపు అంటుండగానే పెళ్ళి దగ్గర పడింది.

అప్పుడు ఏం చేసిందనుకున్నావు? ఇంటి వెనక గనిలోంచి నల్లటి నాపరాతి దిమ్మె దొర్లించుకొచ్చింది. అది మెత్తన. చకచకా రోలూ పొత్రమూ చెక్కేసింది. ఆ తర్వాత ఆముదం పట్టించింది. రోలు నిగనిగలాడింది. చూసినవాళ్ళంతా గుండురాయే అనుకున్నారు. సుంకులమ్మ కాదనలేదు.

ఓబులమ్మ అత్తింట్లో పచ్చడి నూరింది. మొదటి ముద్దకే మామ పంటికింద కరకరలాడింది. ఆ తర్వాత ఆడబిడ్డ తుపుక్కున ఉమ్మేసింది. ఆ తర్వాత అత్త కంచం పక్కకు నెట్టి, "మట్టి కూడా కడగకుండా నూరినావా? మీ ఇంట్లో నేర్పింది ఇదేనా?" అంది. ఓబులమ్మ తల వంచుకుంది గానీ రోలు సంగతి ఎత్తలేదు. ఆనాటి నుంచి ఆమెను వంటింటి గడప తొక్కనివ్వలేదు. పేడ ఎత్తడమే ఆమె పని.

గాజులమ్మే ఆవిడ ఈ మాట తెచ్చి సుంకులమ్మ చెవిన వేసింది. సుంకులమ్మకు సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. నీళ్ళకు వెళితే అందరూ తననే చూస్తున్నట్టుంది. అన్నం ముందు కూర్చుంటే చెల్లెలి వంచిన తలే కనపడుతోంది. ముఖాన కొంగు కప్పుకుని రాళ్ళ మధ్యకు పోయి కూర్చుంది.

అప్పుడు నాపరాయి పలికింది. "నన్నెందుకమ్మా రోలు చేశావు? ఒకప్పుడు ఇక్కడ సముద్రముండేది. దాని అడుగున సున్నపు మట్టి పొర మీద పొర పేరుకుంది. పై బరువుకు గట్టిపడి నేనయ్యాను. నన్ను పలకలుగా చీల్చి అరుగు వేసుకో, ఇంటికి కప్పు వేసుకో. పులుపు తగిలితే మాత్రం కరుగుతాను. నా తప్పేముంది?"

"నీది కాదు తల్లీ, నాది" అంది సుంకులమ్మ.

ఆ తర్వాత గుండురాయి పలికింది. "నేను భూమి కడుపులో ఎర్రగా ఉడికిన జావను. తొందరపడకుండా చల్లారాను. అందుకే నాలో గింజలు గింజలుగా మెరుస్తాయి. పులుపుకు జంకను. అయినా ఎండకీ వానకీ నేనూ పగిలి ఇసుకవుతాను. ఏరు నన్ను సముద్రానికి మోస్తుంది. అక్కడ మళ్ళీ పొరలై మరో రాయినవుతాను. అన్నిటికీ కాలం కావాలి. నువ్వు నీ చెల్లెలికి నాలుగు పూటలు ఇవ్వలేకపోయావు."

సుంకులమ్మ బొబ్బలెక్కని తన అరచేతులు చూసుకుంది.

ఆ తర్వాత కాళ్ళ దగ్గరున్న పాలరాతి ముక్క పలికింది. "నేనూ ఒకప్పుడు ఈ నాపలాంటి సున్నపురాయినే. భూమి లోతుకు దిగిపోయాను. పైన కొండల బరువు, చుట్టూ సెగ. పారిపోయే చోటు లేదు. కరగలేదు గానీ లోపల్లోపలే మారిపోయాను."

"నేనూ మారతానా?"

"కొంగు కప్పుకుని ఇక్కడ కూర్చుంటే మారవు. నీకు సెగ ఎక్కడుందో అక్కడికే పో."

అప్పుడు సుంకులమ్మ ఉలి పట్టింది. బొబ్బలు లేచాయి, చితికాయి, మళ్ళీ లేచాయి. గుండురాతి రోలు తేలాక బండికెత్తుకుని చెల్లెలి ఊరికి పోయింది. వాకిట్లో అత్త, మామ, ఆడబిడ్డ, ఇరుగుపొరుగు అందరూ ఉన్నారు. ముఖం మీది కొంగు తీసేసింది.

"అత్తా, నీ కోడలు మట్టి నూరలేదు. ఆ మట్టి నేనిచ్చిందే. నాపరాతికి ఆముదం రాసి గుండురాయని నమ్మించినాను. దాన్ని ఏమీ అనొద్దు, అనేదేదో నన్ను అను."

అత్త వచ్చి కొత్త రోలును చేత్తో తడిమి చూసింది. ఆ తర్వాత, "ఓబులమ్మా, చేతులు కడుక్కో. రోలు లోపలికి తెప్పించు" అంది.

ఓబులమ్మ పచ్చడి నూరి మొదటి ముద్ద అక్కకే పెట్టింది. పెడుతూ మెల్లగా అంది: "నాకు ఆ రోజే తెలుసక్కా. పొత్రం రాసుకున్నచోట తెల్లగా గీతలు పడినాయి."

"మరి చెప్పలేదేమే?"

"నీ పనంటే ఊరంతా నమ్మకం. ఆ నమ్మకం నా నోటితో పోగొడతానా?"

ఆ ముద్దలో ఇసుక రేణువైనా లేదు. అయినా సుంకులమ్మ దాన్ని రాయి నమిలినట్టు నమిలింది.

అప్పట్నుంచి ఆ ఊళ్ళో ఎవరు రోలు చెక్కినా ముందు తామే అందులో చింతపండు నూరి తింటారు. పంటికింద ఏమీ తగలకపోతేనే రోలు గడప దాటుతుంది. ఆ పద్ధతి పెట్టింది సుంకులమ్మే. ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆమె చెవులు ఎర్రబడేవి.

కథేమో కంచికి,
రోలేమో చెల్లెలింటికి,
నిద్రేమో నా బంగారు కంటికి.