జవ్వాది అడిగిన మల్లెమొక్క

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో అక్కాతమ్ముళ్ళయిన రెండు పునుగుపిల్లులు ఉండేవి. అక్క పేరు జవ్వాది, తమ్ముడి పేరు చారయ్య. తల్లి పోతే తమ్ముణ్ణి అక్కే పెంచి పెద్దచేసింది. ఇప్పుడు ఆమెకు చూపు పోయింది, కాళ్ళు సరిగా సాగడం లేదు. ముక్కు ఒక్కటే ఎప్పటిలా పనిచేస్తోంది.

ఒక వేసవిలో ఆమె తమ్ముణ్ణి పిలిచి, "మన వాకిట్లో ఒక మల్లెమొక్క నాటరా. నేను పోయేలోపు మన చెట్టు పూల వాసన చూడాలని ఉంది," అంది.

చారయ్య వెంటనే మొక్కలు పెంచి అమ్మే ముళ్ళపంది తాత తోటకు వెళ్ళాడు. అక్కడి మొక్కలకు ఒక్క పువ్వూ లేదు. లేతమొక్కకు మొగ్గ వస్తే చాలు, తాత గిల్లేసేవాడు. బలం పూలకు పోకుండా వేళ్ళకు పట్టాలని ఆయన పట్టుదల.

ఒక మల్లెమొక్కను చూపించి, ఇది ఎప్పుడు పూస్తుందని చారయ్య అడిగాడు.

"వచ్చే వేసవికి. ముందు కుండీ బోర్లించి వేళ్ళు చూసుకో. చూసుకోనివాళ్ళకు నేను మొక్క ఇవ్వను," అన్నాడు తాత.

వచ్చే వేసవిదాకా అక్క ఉంటుందో ఉండదోనని చారయ్యకు దిగులు పట్టుకుంది. వట్టి చేతులతో వచ్చేశాడు. దారి మలుపులో నక్క మొక్కలు అమ్ముతోంది. కుండీ కుండీకీ గుత్తులుగా మల్లెపూలు. వేళ్ళు చూస్తానని అడగబోతే నక్క నొచ్చుకున్నట్టు ముఖం పెట్టింది.

"ఇన్ని పూలు కళ్ళెదురుగా కనబడుతుంటే ఇంకా అనుమానమా తమ్ముడూ?" అంది.

చారయ్యకు మొహమాటం వేసింది. వేళ్ళు చూడకుండానే కొనేశాడు.

ఆ సాయంత్రం జవ్వాది వాకిట్లో కూర్చుని ఎంత మురిసిపోయిందో! తమ్ముడి తల నిమురుతూనే ఉంది. రెండోరోజు పూలు రాలాయి. మూడోరోజు ఆకులు వడిలాయి. చారయ్య పట్టుకుని చూస్తే మొక్క చేతిలోకి ఊడొచ్చింది. దానికి వేరన్నదే లేదు. పూలకొమ్మ విరిచి మట్టిలో గుచ్చి అమ్మింది ఆ నక్క.

పిల్లలూ, నాకు నక్క మీద కోపమే. కానీ చారయ్య మీద ఇంకా కోపం. అక్కకు నిజం చెప్పడానికి సిగ్గుపడి, పూలు రాలి కొత్త చిగురు వేస్తోందని అబద్ధమాడాడు. మళ్ళీ నక్క దగ్గరికే పరిగెత్తాడు. మీ మట్టి మంచిది కాక వేరు నిలవలేదని చెప్పి అది ఇంకో మొక్క అంటగట్టింది. అదీ చచ్చింది. నీళ్ళు ఎక్కువ పోశావని చెప్పి మూడోది అంటగట్టింది. అదీ చచ్చింది. ఇంతలో వానలు వచ్చాయి, చలి వచ్చింది. మొక్క నిద్రపోతోందక్కా అంటూ చారయ్య రోజులు నెట్టాడు.

మళ్ళీ వేసవి వచ్చింది. తాత దగ్గర కొన్నవాళ్ళ వాకిళ్ళన్నీ పూశాయి. గాలికి ఆ వాసన వచ్చి జవ్వాదికి తగిలింది. చారయ్య ఇక ఆపుకోలేక అక్క కాళ్ళ దగ్గర కూలబడి, మన వాకిట్లో మొక్కే లేదని ఏడ్చాడు.

"తెలుసురా," అంది జవ్వాది. "మొదట తెచ్చినదాని ఎండుటాకు వాసన ఆ మూడోరోజే తెలిసింది. నువ్వే చెబుతావని చూశాను. ఆనాడే చెప్పి ఉంటే తాత మొక్క తెచ్చుకునేవాళ్ళం. ఈపాటికి మనదీ పూసేది."

ఆమె కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది చారయ్యకు.

అప్పటికప్పుడు తాత తోటకు వెళ్ళి, వేళ్ళు చూసుకుని మొక్క తెచ్చి నాటాడు. అది తొలి చిగురు వేసేసరికి జవ్వాది కన్నుమూసింది.

ఆ పై ఏడు చెట్టు విరగబూసింది. దారినపోయేవాళ్ళందరూ ఆగి వాసన చూసి వెళ్ళేవారు. చారయ్య మాత్రం మల్లెలు పూసినన్నాళ్ళూ సాయంత్రం పూట వాకిట్లోకి రాలేకపోయాడు.

నీతి: మొక్కను పూలు చూసి కాదు, వేళ్ళు చూసి కొనాలి. మోసపోతే ఆ రోజే చెప్పుకోవాలి, దాచిపెట్టి పోగొట్టుకున్న రోజులు మళ్ళీ రావు.