అంకమ్మ పెరటి పెంకులు

అనగా అనగా అనగానే మీరు రాజుగారూ, ఏడుగురు కొడుకులూ అనుకుంటారు. కాదర్రా! ఈ కథలో రాజూ లేడు, రథమూ లేదు. మట్టి ఉంది, కుండలున్నాయి, ఒక తొందరపాటు మనిషి ఉన్నాడు.

అనగా అనగా మన్నూరులో చెంగయ్య అనే కుమ్మరి ఉండేవాడు. చెయ్యి మంచిది, బుర్ర మంచిది. ఓపిక మాత్రం ఆవగింజంత.

ఒక చైత్రమాసంలో కొండ కింద అతనికి ఎర్రమట్టి కనబడింది. పిసికి చూస్తే వెన్నలా ఉంది. ‘ఓడల్లో మంచినీళ్ళకి పెద్ద కాగులు కావాలి కదా! ఈ మట్టితో చేస్తే?’ అనుకున్నాడు.

అలాంటి కాగులతోనే రేవుపట్నంలో అంకమ్మ అనే కుమ్మరామె గొప్పదైంది. ఒకప్పుడు ముంతలు తట్టలో పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మిన మనిషి. ఇప్పుడు రేవు దాటే ప్రతి ఓడలోనూ ఆమె కాగే. అంకమ్మకి గుండె ధైర్యమెక్కువ అని లోకం చెప్పుకునేది.

చెంగయ్య ఇంటికొచ్చి పెళ్ళాంతో అన్నాడు. “నాంచారీ, ఈసారి ఆవం నిండా కాగులే. తాడో పేడో తేల్చేస్తాను!”

నాంచారి అడ్డం తిరిగింది. ఎందుకంటారా? వానలు మొదలైతే కుండలు ఆరవు, వాటిని కాల్చే ఆవం రాజుకోదు. ఎండాకాలంలో కాల్చిన కుండలమ్మితేనే వానాకాలానికి గింజలు.

“అన్నీ పగిలిపోతే పిల్లలకి ఏం పెడతావు మావా? మట్టి పెడతావా?”

“నిండా మునిగినవాడికి చలేమిటే!”

“ఇంకా మునగలేదుగా, అప్పుడే ఆ సామెతెందుకు? వెళ్ళి ఆ అంకమ్మనే అడిగి రా. ఆవిడ ఏం చెబితే అది చెయ్యి. నా మీద ఒట్టు!”

ఒట్టు పెట్టాక ఏం చేస్తాడు? సరేనని బయలుదేరాడు.

అంకమ్మ ఇంటి ముందు వాకిట్లో కొత్త కాగులు బారులు తీరి ఉన్నాయి. తన సంగతంతా చెప్పి, ఆమె వాటిని చూపిస్తుందనుకున్నాడు. ఆమె తిన్నగా పెరట్లోకి తీసుకుపోయింది. అక్కడ మనిషెత్తున పగిలిన కుండ పెంకుల గుట్ట!

“ఏమిటమ్మా ఇదంతా?”

“నా చదువు నాయనా,” అంది అంకమ్మ. “ఆవం కాల్చిన ప్రతిసారీ ఒక మూల ఒకే ఒక్క కొత్తరకం కుండ పెడతాను. అది పగిలినా ఇంట్లో కంచం ఖాళీ అవదు. నువ్వు ఒక్కనాడే మునిగిపోదామని వచ్చావు. నేను ఇరవై ఏళ్ళుగా కాస్త కాస్త ఓడిపోతున్నాను. అదే నా ధైర్యం. పగిలినదాన్ని పారెయ్యకు. ఎందుకు పగిలిందో నీకు తెలిసేదాకా దగ్గరే ఉంచుకో.”

‘ఓసింతేనా!’ అనుకున్నాడు చెంగయ్య. మూతి ముడుచుకునే ఇంటికొచ్చాడు. కానీ ఒట్టు ఒట్టే కదా!

చైత్రంలో ఆవం నిండా మామూలు చట్లే పేర్చి, మూల ఒక్క కాగు పెట్టాడు. ఉత్త ఎర్రమట్టి కాగు. నిలువునా చీలింది. పెంకు విరిచి చూస్తే మట్టి మరీ మెత్తన. ఇరుగుపొరుగు నవ్వారు.

వైశాఖంలో ఇసుక కలిపి చేశాడు. ఈసారి అడుగు పగిలింది. తొందరకొద్దీ ఎండలో ఆరబెట్టాడు మరి! ఇరుగుపొరుగు మళ్ళీ నవ్వారు. చెంగయ్యకి ఏడుపొచ్చింది, కానీ రెండు పెంకులూ దాచాడు. చట్లు అమ్మిన గింజలు ఇంట్లోకి వస్తూనే ఉన్నాయి.

జ్యేష్ఠం రాగానే నీడపట్టున పదిరోజులు ఆరబెట్టి కాల్చాడు. కాగు ఖంగుమంది! మూడురోజులు నీళ్ళు నింపి ఉంచితే చుక్క కారలేదు.

సరిగ్గా అప్పుడే రేవు నుంచి ఓడ సరంగు వచ్చాడు. “గాలి మళ్ళేలోగా ఓడ బయలుదేరాలి, ఇరవై కాగులు కావాలి. అంకమ్మ ఆవాలన్నీ నిండిపోయాయి. మన్నూరులో చెంగయ్య ఉన్నాడు, వెళ్ళమంది.”

ఇరవై కాగులంటే ఆవమంతా అవే. వానల ముందు అదే ఆఖరి ఆవం. చిత్రం చూడండి, చైత్రంలో ఎగిరిపడ్డ చెంగయ్యే ఇప్పుడు వెనకాడాడు.

“ఒకటి నిలిచిందని ఇరవై నిలుస్తాయా నాంచారీ?”

“అప్పుడు వద్దన్నదాన్ని నేనే, ఇప్పుడు పెట్టమంటున్నదాన్నీ నేనే. అప్పుడు ఆ మట్టి సంగతి మనకి తెలియదు. ఇప్పుడు తెలుసు. ఇంకా భయపడితే ఆ రెండు కాగులూ ఊరికే పగిలినట్టు!”

చెంగయ్య ఇరవై కాగులూ చేసి, నీడపట్టున ఆరబెట్టి, ఆవం ముట్టించాడు. చల్లారాక ఒక్కొక్కటే తీసి వేలితో మీటి చూశాడు. పదిహేడు ఖంగుమన్నాయి. మూడు పగిలాయి. ‘మూడు పోతే పోయాయి, ఈ పదిహేడూ చాలు’ అని సరంగు సంబరంగా ఓడకెక్కించుకున్నాడు. ఆ వానాకాలం నాంచారి ఇంట గాదె నిండుగా ఉంది. నవ్విన ఇరుగుపొరుగే వచ్చి ‘ఎలా చేశావయ్యా?’ అని అడిగారు.

వానలు వెలిశాక అంకమ్మ చూడడానికి వచ్చింది. వాకిట్లో ఆగలేదు. నేరుగా పెరట్లోకి నడిచింది. అక్కడ చూరు కింద అయిదు కాగుల పెంకులు వరసగా పేర్చి ఉన్నాయి.

“ఈ మూడూ ఆవం నోటికి దగ్గరగా పెట్టానమ్మా,” అన్నాడు చెంగయ్య. “మంట ముందు వీటికే తగిలింది. వచ్చేసారి అక్కడ ముంతలు పెడతాను.”

అంకమ్మ మొహం విప్పారింది. “ఇంక నీకు నేనెందుకు నాయనా!” అని పక్కుమని నవ్వి, కొంగు పట్టింది.

“ఏం కావాలమ్మా?”

“కాస్త ఆ ఎర్రమట్టి పెట్టు. నా ఆవంలోనూ ఒక మూల పెట్టి చూస్తాను.”

సాహసం చెయ్యవలసిందే పిల్లలూ. కాకపోతే, పోయినా తట్టుకోగలిగినంతతో మొదలుపెట్టి, ప్రతి ఓటమి దగ్గరా ఒక పాఠం నేర్చుకున్నవాడిదే చివరికి గెలుపు.