గంగులు గూడుబండి, సూరప్ప హామీ

ఉప్పుటేటి గట్టు మీద తాటితోపులో ఆ పొద్దున జంతువులన్నీ ఒక బండి చుట్టూ మూగాయి. మామూలు బండి కాదు, గూడుబండి. పైన ఈతాకు చాపల గూడు, లోపల మెత్తటి పరుపు, పక్కన నీళ్ళకుండకి తాటినార ఉట్టి. ఊరేగాలన్నా అందులోనే, పడుకోవాలన్నా అందులోనే.

కొన్నది గంగులు అనే ఎద్దు. పదిహేనేళ్ళు ఉప్పు బస్తాలు లాగాడు గానీ, ఆ ఉప్పు పుట్టిన సముద్రాన్ని ఒక్కసారీ చూడలేదు.

"ఇన్నాళ్ళూ ఊరందరి బరువూ లాగాను. ఇక నా సరదా నేనే లాక్కుంటా" అని, తనకున్న గడ్డివామిలో సగం పోసి నక్క సూరప్ప దగ్గర ఆ ఒంటెద్దు బండి తీసుకున్నాడు. నక్కకి గడ్డి ఎందుకంటారా? గేదెలకి వేస్తాడు, పాలు పిండుకుంటాడు. సూరప్ప చేతిలో పడ్డది ఏదీ వృథా పోదు, ఎదుటివాడి నమ్మకం తప్ప.

ఆ తోపులో ఒక కట్టుబాటుంది. కొన్నవాడు స్వయంగా ఇరుసుకి తొలి కందెన రాసేదాకా బండిలో ఏ లోపమున్నా అది అమ్మినవాడి పూచీ. కందెన పడ్డ క్షణం నుంచి కొన్నవాడి ఖర్మ. ఆముదంలో గడ్డిమసి కలిపి వెదురుగొట్టంలో పోసి, ఆ కందెనని కాపాడేది తాబేలు తాత. ఆయన గొట్టం మెడకి వేలాడేసుకుని అప్పుడే నింపాదిగా వస్తున్నాడు.

ఈలోగా సూరప్ప గంగులు చెవి దగ్గరికి చేరాడు.

"బావా, బండి కొన్నావు, బాగుంది. మరి దారిలో ఏదైనా అయితే?"

"ఏమవుతుంది? బండి రాయిలాంటిదని నువ్వే కదా అన్నావు."

"రాయికి మాత్రం బీట పడదా? అందుకే నీకోసం ఒక హామీ తెచ్చాను. మూడు వానాకాలాల పాటు బండికి ఏం జరిగినా బాగుచేసే పూచీ నాది. నీ వామిలో మిగిలిన సగం నాకిచ్చెయ్. నిశ్చింతగా కందెన పెట్టుకుని బయల్దేరు."

గంగులు నెమరు ఆగిపోయింది. ఆ సగం వామే అతని వేసవి. అది పోతే ఎండల్లో ఎండు తాటాకులు నమలాలి. ఇవ్వకపోతే, నడిదారిలో బండి కూలబడితే ఎలా? పాపం, ఓర్పున్నవాడికి భయం కూడా నెమ్మదిగానే పడుతుంది, కానీ గట్టిగా పడుతుంది.

"సరేలే..." అనబోయాడు.

"ఆగు మావా!" అంటూ అతని మూపురం మీంచి గోరింక సింగారి లేచింది. గంగులు ఎక్కడ తిరిగినా ఆమె కాపురం ఆ మూపురం మీదే. నోరు మొదలైతే చీకటి పడ్డా ఆగదని తోపంతా అంటుంది. "సూరప్పన్నా, నాకు రెండు ముక్కలు చెప్పు. రాయి తగిలి చక్రం పోతే బాగుచేస్తావా?"

"అది రాయి తప్పు కదమ్మా, హామీలోకి రాదు."

"వానకి గూడు కుళ్ళితే?"

"వాన తప్పు."

"చక్రం చుట్టూ ఇనప పట్టా అరిగితే?"

"అరగడం దాని ధర్మం."

"మరి ఇరుసు విరిగితే?"

"ఆ! అది మాత్రం నాదే పూచీ. బండిని ఇక్కడికి తోలుకొచ్చి చూపిస్తే చాలు."

"ఇరుసు విరిగిన బండి తనంతట తాను నడిచొస్తుందా అన్నా? నెత్తిన పెట్టుకుని తేవాలా?"

పక్కనున్న మేక ఫక్కున నవ్వింది. సూరప్పకి ఒళ్ళు మండింది, కానీ మొహంలో చిరునవ్వు చెక్కుచెదరలేదు. "నీకేం, రెక్కలున్నాయి. బండి పోతే ఎగిరిపోతావు. కష్టపడేది బావ!"

సింగారి గొంతు తగ్గించింది. "అదీ నిజమే. నేనే తొందరపడ్డానేమో. కానీ మా మావది నిదానం బుర్ర. ఊరికే 'ఏదో అవుతుంది' అంటే ఎక్కదు. ఆ ప్రమాదం ఎలా వస్తుందో కళ్ళకి కట్టినట్టు చెప్పు. విని భయపడితే వామి ఆయనే తోలి పెడతాడు."

భయపెట్టమంటే సూరప్పకి పండగే. రాయెక్కి గొంతు సవరించుకున్నాడు.

"విను బావా! మిట్టమధ్యాహ్నం. ఏటి ఇసుక. చుట్టూ పురుగు కూడా లేదు. నువ్వు లాగుతున్నావు. ఉన్నట్టుండి టప్ మని చప్పుడు! చూస్తే ఎడమ చక్రం వైపు ఇరుసు, సరిగ్గా చక్రం ఊడకుండా కొట్టే చీల వెనకాల, బెత్తెడు మేర చిట్లిపోయి..."

"ఎడమేనా? కుడివైపు చిట్లదా?"

"కుడివైపు గట్టిదమ్మా, వందేళ్ళు ఉంటుంది. ఎడమదే..."

అక్కడ సూరప్ప నోరు ఆగింది. ఆగాల్సిన చోటు దాటిపోయాక ఆగింది.



"అన్నా" అంది సింగారి, "కందెన ఇంకా పడలేదు. బండి ఒక్క అడుగూ కదల్లేదు. రేపు ఎటువైపు, ఎక్కడ, ఎంత మేర చిట్లుతుందో ఈరోజే నీకెలా తెలుసు? జోస్యమా, జ్ఞాపకమా?"

"ఛ, ఛ! మాటవరసకి..." అంటూనే సూరప్ప వెళ్ళి ఎడమ చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే అదే మరి.

 గంగులు కొమ్ముతో సూరప్పని ఇలా పక్కకి తోశాడు. అలాగే చీల ఎత్తాడు. మేక, దున్న కలిసి చక్రం లాగేశాయి. ఇరుసు మీద నల్లటి లక్క పూత. సింగారి ముక్కుతో రెండు పోట్లు పొడిచేసరికి లక్క పెచ్చు రాలింది. కింద బీట. కొలిచినట్టు బెత్తెడు.

తాబేలు తాత అప్పటికి వచ్చి చేరాడు. బీట చూశాడు, గొట్టం మూత చూశాడు.

"కందెన పడలేదు. పూచీ అమ్మినవాడిది" అన్నాడు. ఆయన మాటకి తిరుగులేదు. "సూరప్పా, కొత్త టేకు ఇరుసు. రేపు పొద్దెక్కేలోగా."

"తాతా, టేకంటే నేను పుచ్చుకున్న గడ్డి అంతా పోతుంది!"

"పోనీ, బీట పడ్డప్పుడు బాగుచెయ్యడానికి నీ దగ్గరేదో హామీ ఉందట కదా, అది తీసుకో" అంది మేక.

మర్నాడు ఇరుసు మారింది. గంగులు తన మూతితోనే గొట్టం అందుకుని తొలి కందెన రాశాడు. బయల్దేరే ముందు తన సగం వామి వైపు ఒకసారి చూసుకుని అన్నాడు:

"దారిలో ఏదైనా విరిగితే దీంతో బాగుచేయించుకుంటా. విరక్కపోతే తింటా. నక్క కడుపులో ఉన్న హామీ కంటే నా దొడ్లో ఉన్న గడ్డి మేలు."

"ఇంత మాట ముందే తోచి ఉంటే నా గొంతు మిగిలేది కదా మావా!" అంటూ సింగారి మూపురమెక్కింది.

మూడోనాడు సముద్రం కనబడింది. గంగులు కాడి దించుకుని వెళ్ళి ఒక గుక్క తాగి, తుపుక్కున ఊశాడు.

"పదిహేనేళ్ళు మోసింది దీన్నా!" అని, మోకాళ్ళ దాకా దిగి, ఎంత పిలిచినా సాయంత్రం దాకా రాలేదు.

ఇటు తోపులో గేదెలు మేత లేక పాలు ఆపేశాయి. సూరప్ప ఖాళీ చెంబు పట్టుకుని కూర్చున్నాడు.

ఆపద ఎక్కడ పడుతుందో అంత కచ్చితంగా చెప్పి మరీ భరోసా అమ్మేవాడు, ఆ ఆపదకి దగ్గర చుట్టమే.