దేవుళ్ళు, చుట్టాలు, జొన్న బీరు

ఐలయ్య ఇంట్లో తెలివికి కరువు లేదని ఐలయ్యే చెప్పేవాడు. ఆయన చెప్పింది నిజమేనని ఆయన పెళ్ళాం లస్మవ్వ అనేది. వాళ్ళిద్దరూ అన్నాక ఇంక మాట్లాడేదేముందని తమ్ముడు ఓదేలు అనేవాడు. ఇంట్లో ఉండేది ఆ ముగ్గురే. అందుకని ఈ సంగతి మీద ఆ ఇంట్లో ఎన్నడూ గొడవ రాలేదు.

వాళ్ళ తెలివి ఎలాంటిదంటే, ఎవరు ఏ పని చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తారు. సొంత బుర్ర పెట్టరు. మనుషులు మధ్యలో ఆలోచించబట్టే లోకంలో పనులన్నీ చెడిపోతున్నాయని ఐలయ్య నమ్మకం. ఒకసారి పొరుగామె పొయ్యి మీద పాలు పెట్టి, కాస్త చూస్తుండమని లస్మవ్వకు చెప్పి బజారుకు పోయింది. అంతే. పాలు పొంగి, పొయ్యి ఆరి, గిన్నె నల్లబడేదాకా లస్మవ్వ రెప్ప వేయకుండా చూసింది. పొరుగామె వచ్చాక ఏమేం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పింది కూడా. ఆమె మెచ్చుకోకపోగా తిట్టిందని నెల్లాళ్ళు బాధపడింది.

ఇలాంటివాళ్ళు పోయి పోయి సుగుణ చేతిలో పడ్డారు.

సుగుణది హన్మకొండలో ఒక వీధి చివర చిన్న బారు. సీసాలు కొని అమ్మే బారు కాదు. బీరు ఆమే తయారు చేస్తుంది, అదీ జొన్నలతో. మొగుడు పోయాక పట్నంలో ఒక పెద్ద హోటల్లో, బీరు కాచే చోట గిన్నెలు తోముతూ, చూసి చూసి ఆ పని నేర్చుకుంది. ఆడదానికి ఈ పనేంటని ముఖం మీద అన్నవాళ్ళు ఎంతమందో. అన్నవాళ్ళే సాయంత్రం కాగానే వచ్చి గ్లాసు ముందు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. సిగ్గన్నది ఉండాలి కదా మనిషికి.

బీరుకు వంక లేదు. పనివాళ్ళతోనే చిక్కు. ఇంతకుముందున్నవాడు గ్లాసు బల్ల మీద టప్పున పెట్టి, తొందరగా తాగి లేవమనేవాడు. వాణ్ణి పంపించేసి సుగుణ ఈ ముగ్గురినీ పెట్టుకుంది. మొదటిరోజే దగ్గర కూర్చోబెట్టుకుని, ఇక్కడికి వచ్చినవాళ్ళని దేవుళ్ళలా చూసుకోవాలని చెప్పి లోపలికి పోయింది.

దేవుణ్ణి ఎలా చూసుకోవాలో తెలియని ఇల్లా అది? బోనాలనాడు పోచమ్మ తల్లి ముందు నేల మీద కల్లు ధారగా సాక పోసిన చేతులు ఐలయ్యవి.

ముందుగా టైలర్ రాజలింగం వచ్చాడు. రోజూ వచ్చే మనిషే. కూర్చుని ఒక గ్లాసు అడిగాడు. ఐలయ్య నురగ పొంగే గ్లాసు తెచ్చాడు, కళ్ళకద్దుకున్నాడు, పిల్లాజెల్లను చల్లగా చూడమని మొక్కి, ఆ బీరంతా రాజలింగం కాళ్ళ ముందు నేల మీద ధారగా పోశాడు. లస్మవ్వ ఆయన నుదుట పసుపు కుంకుమ పెట్టి, చెవిలో వేపరెమ్మ దోపింది. డప్పు దొరక్క ఓదేలు పళ్ళెం వాయించాడు. రాజలింగం తడిసిన పంట్లాం చూసుకున్నాడు, పెదవులు తడుపుకున్నాడు, మరి తను తాగేది ఎప్పుడని మెల్లగా అడిగాడు.

ఇన్నేళ్ళలో పోచమ్మ ఈ మాట ఒక్కసారీ అడగలేదే అని ఐలయ్య ఆశ్చర్యపోయాడు.

సుగుణ పరుగెత్తుకొచ్చి, రాజలింగానికి దండం పెట్టి, నేల మీద పోయొద్దని, ముందు పెట్టాలని చెప్పింది. ఆమాత్రం ముందే చెప్తే సరిపోయేదిగా అన్నారు వీళ్ళు. ఆ తర్వాత వచ్చినాయన కాలేజీ లెక్చరరు. ఆయన ముందు గ్లాసు పెట్టారు. దేవుడు ఆరగించేటప్పుడు ఎవరూ చూడకూడదు కాబట్టి లస్మవ్వ పాతచీర అడ్డంగా కట్టారు. గంట కొట్టారు. కాసేపాగి చీర తీస్తే గ్లాసు సగం ఖాళీ.

లస్మవ్వ చెంపలు వేసుకుంది. ఎన్నేళ్ళు నైవేద్యం పెట్టినా తగ్గని గిన్నె ఇవాళ తగ్గింది. దేవుడు నిజంగా తాగాడు. ఆమె లెక్చరరు కాళ్ళ మీద పడిపోయింది. ఇంకేముంది, ఓదేలు బయటికి పోయి వీధంతా చాటాడు. జనం కొబ్బరికాయలతో దిగారు. ఒకామె తన కొడుకు పరీక్ష పాసవుతాడా స్వామీ అని అడిగింది. ఆ పిల్లవాడి పేపరు దిద్దింది ఆ లెక్చరరే. కష్టమేనమ్మా అని ఉన్నమాట చెప్పి, ఆయన వెనక తలుపులోంచి పారిపోయాడు.

సుగుణ తల పట్టుకుంది. దేవుళ్ళూ వద్దు, ఏమీ వద్దు, ఇంటికొచ్చిన చుట్టాల్లా చూడండి చాలంది.

అంతే. మర్నాటి నుంచి వచ్చినవాళ్ళకు వచ్చినట్టు కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు. కూర్చోకముందే, ఇంతగా చిక్కిపోయావేంటి, జీతం పెరిగిందా, పెద్దపిల్లకు సంబంధం కుదిరిందా అని అడగడాలు. రెండో గ్లాసు అడిగితే లస్మవ్వ మందలించడాలు. తాగినదానికి డబ్బులిస్తే ఐలయ్యకు కళ్ళనీళ్ళు తిరిగేవి. చుట్టాల దగ్గర డబ్బులు తీసుకునేంత దిగజారలేదనేవాడు. పోతామని లేస్తే చెప్పులు కనిపించేవి కావు. ఈ పూట ఉండి పొమ్మని ఓదేలు వాటిని దాచేసేవాడు. రాజలింగం ఎలాగూ చుట్టమే కదా అని లస్మవ్వ ఆయన ముందు జాకెట్టు గుడ్డల మూట పెట్టింది. చుట్టమన్నాక ఊరికే కుట్టిపెడతాడు కదా. ఆయన కుట్టి ఇచ్చాడు కూడా. చెప్పులు చేతికి రావాలంటే మరి కుట్టక తప్పలేదు.

చిత్రమేమంటే వచ్చేవాళ్ళు తగ్గలేదు, పెరిగారు. ఇంట్లో కూడా ఇలా ఎవరూ అడగడం లేదని ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

వచ్చినా ఏం లాభం, బారు ఇలా సాగదని సుగుణకు తెలుసు. వీళ్ళని పంపించేద్దామనే అనుకుంది. అంతలో పిడుగు లాంటి వార్త వచ్చింది. ఆ బిల్డింగు మాణిక్రావుది. పైన కాపురం, కింద బారు. కిందిది సెల్‌ఫోన్ల షాపుకు ఇచ్చేద్దామని ఆయనకు బుద్ధి పుట్టింది. ఆదివారం వచ్చి బారు ఎలా నడుస్తుందో కళ్ళారా చూస్తానని, నచ్చితే ఉంచుతానని, లేకపోతే ఖాళీ చేయాలని కబురు పెట్టాడు. ఆ పీపాలు, ఆ గొట్టాలు ఇంకోచోటికి మార్చి మళ్ళీ నిలబడే శక్తి సుగుణకు లేదు. బారు పోతే మళ్ళీ పరాయివాళ్ళ గిన్నెలు తోముకోవడమే.

సరిగ్గా ఆ ఆదివారమే కొత్త బీరు కాచే రోజు. మొలకెత్తిన జొన్నలు నానబెట్టి ఉన్నాయి, ఆపితే పులిసి పాడవుతాయి. పొయ్యి మీద ఉన్నంతసేపు ఆ గంజిని కలుపుతూనే ఉండాలి, క్షణం వదిలితే అడుగంటి మాడుతుంది. ముందు గది ఈ ముగ్గురికీ వదలక తప్పలేదు. సుగుణ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"ఐలయ్యా, ఆయన దేవుడు గాదు, చుట్టం గాదు. ఇంటి ఓనరు. ఓనరును ఓనరు లాగనే చూడున్రి. ఆయన ఏం జెప్తే అది జేయున్రి. నా బతుకు మీ చేతుల్ల ఉన్నది."

"నువ్వు నిమ్మలంగ గంజి కలుపుకో అక్కా. ఓనర్లు మాకు కొత్తనా?" అన్నాడు ఐలయ్య.

కొత్త కాదు మరి. వాళ్ళు అద్దెకున్న ఇంట్లో నీళ్ళు ఎక్కువ వాడుతున్నారని అరవడానికి ఓనరు రోజూ వచ్చేవాడు. ఓనరు వస్తే ఏం చేయాలో ఇంటిల్లిపాదికీ తెలుసు. మాణిక్రావు బూట్ల చప్పుడు మెట్ల మీద వినపడిందో లేదో, ఓదేలు తలుపు గడియ పెట్టాడు. లస్మవ్వ లైట్లు ఆర్పింది. ఐలయ్య తాగుతున్నవాళ్ళందరినీ బల్లల కింద కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టమన్నాడు. మాణిక్రావు తలుపు కొట్టాడు. ఇంట్లో ఎవరూ లేరని ఐలయ్య లోపలినుంచి చెప్పాడు. మరి మాట్లాడేది ఎవరని ఆయన అడిగాడు. ఎవరూ లేరని చెప్పడానికి ఒకరుండాలి కదా సారూ అన్నాడు ఐలయ్య. బల్ల కింద రాజలింగం ఫక్కున నవ్వాడు.

మాణిక్రావు ముఖం కందగడ్డయింది. సొంత బిల్డింగులో తలుపు మూస్తారా అని అరిచాడు. సాయంత్రానికి ఈ బిల్డింగులో ఒక్క సామాను కనిపించకూడదు, మనిషన్నవాడు మిగలకూడదు అని చెప్పి, సెల్‌ఫోన్ల షాపతన్ని తీసుకురావడానికి స్కూటరెక్కి పోయాడు.

ఓనరు చెప్పింది చేయమని సుగుణక్క చెప్పింది. ఓనరేమో బిల్డింగు ఖాళీ చేయమన్నాడు. ఇందులో ఆలోచించేదేముంది? సామాను దించేటప్పుడు ఎప్పుడూ పైనుంచే మొదలుపెట్టాలని లస్మవ్వ అంది. ఇంకేముంది, ముగ్గురూ పై అంతస్తుకు ఎక్కారు. మాణిక్రావు మంచాలు, బీరువా, ఫ్రిజ్జు, పచ్చడి జాడీలు, దేవుడి పటాలు, అన్నీ వీధిలోకి వచ్చాయి. బల్లల కిందినుంచి లేచినవాళ్ళు కూడా తలో చెయ్యి వేశారు. ఆఖరుకు మాణిక్రావు భార్య శకుంతలమ్మ మిగిలింది. ఏమిటిదని ఆమె అడిగింది, సారు చెప్పాడన్నారు. సారు చెప్తే ఇంక తిరుగేముంది అని ఆమె చేతిసంచీ పట్టుకుని దిగి, వీధిలో తన కుర్చీలో తనే కూర్చుంది.

మాణిక్రావు తిరిగొచ్చేసరికి ఆయన పట్టెమంచం మీద రాజలింగం, ఇంకో నలుగురు కూర్చుని బీరు తాగుతున్నారు. సెల్‌ఫోన్ల షాపతను ఆ సామాను చూశాడు, ఆ ఇల్లాలిని చూశాడు. ఓనరునే ఇలా వీధిన పడేసే బిల్డింగులో తనకు షాపు వద్దని ఉన్న పళంగా వెళ్ళిపోయాడు. మాణిక్రావుకు కళ్ళు తిరిగాయి. ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే పోవాలి, నేను లేచేసరికి అంతా అయిపోవాలి అని చెప్పి, పైకి పోయి వట్టినేల మీద పడుకున్నాడు.

ఓదేలు ఆటో తెచ్చాడు. మంచాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? వడ్రంగి దగ్గర్నుంచి. వడ్రంగి వాకిట్లో దించారు. ఫ్రిజ్జు కొన్న షాపు ముందు ఫ్రిజ్జు, గిన్నెలు గిన్నెల కొట్లో. దేవుడి పటాల దగ్గర కాసేపు తర్జనభర్జన పడి గుడి అరుగు మీద పెట్టారు. ఇక శకుంతలమ్మ. అమ్మా, మీరెక్కణ్ణుంచి వచ్చారని ఐలయ్య అడిగాడు.

శకుంతలమ్మ తెలివితక్కువది కాదు. ఆమె పుట్టిల్లు పరకాల అవతల ఒక పల్లె. ఎప్పుడో పెళ్ళిలో మర్యాద తగ్గిందని మాణిక్రావు ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. తను తొక్కకపోతే మానె, ఆమెనీ పోనివ్వలేదు. ఆయన ఒట్టు ఆమెకెందుకు? ఏ తప్పు చేసిందని కన్నతల్లిని చూడకుండా అన్నేళ్ళు కూర్చోవాలి? అడిగినవాళ్ళు లేరు. ఇవాళ ఈ ముగ్గురు అడిగారు.

"మాది పరకాల అవతల. తొవ్వ నేను జెప్త, జెల్ది పోనియ్యి బిడ్డా" అని ఆమె ఆటోలో కూర్చుంది.

మాణిక్రావు లేచి చూస్తే ఇల్లు బోసి, ఇల్లాలు లేదు. ఆమెను తల్లి గుమ్మంలో దించి వచ్చామని ఐలయ్య చెబుతుంటే ఆయన తల బాదుకున్నాడు. సామానైతే మర్నాటికి తెచ్చుకున్నాడు. భార్య కోసం తనే పోదామంటే ఒట్టు అడ్డం. ఫోను చేస్తే ఆమె తీయలేదు. బంధువులను పంపితే పరువు పోతుంది. ఆమెను తీసుకుపోయినవాళ్ళే తీసుకురావాలి, వేరే దారి లేదు. సుగుణ దగ్గరికి వచ్చి, నీ మనుషులను పంపమని అడిగాడు. సుగుణ కడుగుతున్న గంజి తెడ్డు చేత్తో పట్టుకునే లేచింది.

"బారు పోతే నా మనుషులు గూడ పోతరు సారూ. ఉంటదా, పోతదా?"

మాణిక్రావు చుట్టూ చూశాడు. రాజలింగం గ్లాసు దించి చెవి ఇటు పెట్టాడు. అందరూ వింటున్నారు.

"ఉంటది" అన్నాడు మాణిక్రావు. "నేను బతికున్నన్ని రోజులు నీ బారు ఈడనే ఉంటది."

సుగుణ తెడ్డు గోడకు ఆనించి, కొంగుతో ముఖం తుడుచుకుంది. మాణిక్రావు ముగ్గురినీ పిలిచి, శకుంతలను తీసుకొచ్చాకే ఈ గడప తొక్కాలని గట్టిగా చెప్పాడు. అంతే, ఆటో పరకాల దారి పట్టింది.

అక్కడ శకుంతలమ్మ తల్లి పక్కన కూర్చుని కబుర్లు చెబుతోంది. ఇప్పుడప్పుడే రానంది. వీళ్ళు అరుగు మీద మకాం పెట్టారు. వేళకు అన్నం పెడుతున్నారు, తింటున్నారు. ఇక్కడ మాణిక్రావుకు వంట రాదు. కిందికి దిగి గుగ్గిళ్ళు తిని, జొన్న బీరు తాగి, రాజలింగంతో పేకాడి పైకెక్కేవాడు. పది రోజులు పోయేసరికి, బారు ఎవరైనా మూయిస్తానంటే వాళ్ళ మీదికి తనే పోయేలా తయారయ్యాడు.

శకుంతలమ్మకు తనివి తీరాక ఒక పొద్దున బస్సెక్కి తనంతట తనే వచ్చేసింది. అరుగు మీద గుర్రుపెడుతున్న ముగ్గురినీ లేపడం ఆమెకు మనసొప్పలేదు.

వాళ్ళు లేచి, ఊరంతా వెతికి, గాభరాగా హన్మకొండ చేరేసరికి ఆమె పైన బాల్కనీలో తల దువ్వుకుంటోంది. మాణిక్రావు నవ్వుతూ ఎదురొచ్చి లోపలికి రమ్మన్నాడు. లస్మవ్వ కాలెత్తింది. ఐలయ్య ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమెను తీసుకొచ్చాకే కదా గడప తొక్కమన్నది. మనం ఎక్కడ తీసుకొచ్చాం? ఆమె వచ్చింది. చెప్పిన పని ఇంకా కానే లేదు. నిజమేనని ఓదేలు ఆటో వెనక్కి తిప్పాడు. ఐలయ్య బాల్కనీ వైపు చూసి, అమ్మగారిని ఒకసారి దిగమన్నాడు. సంగతంతా చెప్పాడు.

శకుంతలమ్మ ఓపిగ్గా విన్నది. ఇంకా విప్పని సంచీ తీసుకుంది. అన్నం గిన్నెలో ఉందని మొగుడికి చెప్పి, ఆటోలో సర్దుకుని కూర్చుంది.

మాణిక్రావు వద్దు వద్దంటూ ఆటో వెనక పరుగెత్తాడు. ఐలయ్య తల బయటికి పెట్టి ధైర్యం చెప్పాడు.

"ఫికర్ జేయకున్రి సారూ. గిట్ల దింపి గట్ల తీస్కొస్తం. ఈసారి అమ్మ బస్సెక్కకుంట మా లస్మవ్వ కావలి ఉంటది."