ఎడమవైపు చరణం

సన్యాసి పహోమి కీర్తన పాడే తీరు చిత్రంగా ఉండేది. ఒక చరణం పాడి, మరో చరణం పట్టేంత సేపూ నోరు మూసుకుని నిలబడి, ఆపైన మూడోది అందుకునేవాడు. పాపం, పెద్దవాడు, ఊపిరి అందడం లేదనుకునేవాడు శిష్యుడు లూకియాను.

విప్లవం వచ్చాక ఆ చలిదేశంలో మఠాలన్నిటికీ తాళాలు పడ్డాయి. ఈ మఠంలోని గుడిని బంగాళాదుంపల గోదాము చేశారు. దానికి కాపలాదారు పహోమి. ప్రార్థన చేస్తూ దొరికితే జైలే, అందుకని బస్తాల మధ్య లోగొంతుకతో పాడుకునేవాడు. ఆ వేళకు లూకియాను దొంగలా వచ్చి వెనకాల నిలబడి వినేవాడు. ఒకరోజు మాత్రం గడప దాటలేదు.

"తండ్రీ, నిన్న కచేరీలో సంతకం పెట్టేశాను, నాకు దేవుడు లేడని. వాళ్లు నా మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఉత్త పిరికితనం. ఇక నాబోటివాడికి ఇక్కడ చోటుంటుందా? లేదంటే చెప్పండి, ఇట్నుంచి ఇటే వెళ్లిపోతాను."

పహోమి ఒక సంగతి చెప్పుకొచ్చాడు.

ఈ మఠంలో నలభైమంది సన్యాసులుండేవారు. సగంమంది కుడివైపు, సగంమంది ఎడమవైపు. కుడివాళ్లు ఒక చరణం పాడితే ఎడమవాళ్లు తర్వాతిది పాడాలి. ఒకరి చరణం మరొకరు ముట్టుకోకూడదని కట్టడి. సైనికులు వచ్చిపడ్డ రోజున కొందరిని బండెక్కించారు, కొందరు బతుకుజీవుడా అని పారిపోయారు. దుంపలు గడ్డకట్టకుండా పొయ్యిలు రాజేసే సంగతి తెలిసినవాడని ఎడమవైపు పాడే ముసలి నికనోరు ఒక్కణ్ణే కాపలాకు ఉంచారు. పారిపోయినవాళ్లలో కుడివైపు పాడే నడివయసువాడొకడు అంగీ విప్పేసి, గడ్డం గీయించుకుని, బండి తోలే పనిలో చేరాడు. ఎక్కడికి రాకూడదనుకున్నాడో, ఏడాది తిరిగేసరికి అక్కడికే బస్తాలు తోలుకు రావలసి వచ్చింది.

తలుపు దగ్గర బస్తా దించబోతూ విన్నాడు. లోపల నికనోరు ఒంటరిగా పాడుతున్నాడు. ఎడమవైపు చరణాలే! కుడివైపు చరణం రాగానే ఆగి, ఎదుటి గోడకేసి చూస్తూ, సరిగ్గా అంతసేపూ కాచుకుని, మళ్లీ తన చరణం. ముసలాడికి అవి రాక కాదు, జీవితమంతా విన్నవాడాయె. తనవి కావు గనక పాడలేదు, అంతే.

బండివాడి గుండె చెరువైంది. ఆ ఖాళీ తనది. నోరు తెరిస్తే చాలు. పక్కనే తుపాకీతో సిపాయి ఉన్నాడు. బస్తా దించి వెళ్లిపోయాడు. మరుసటి వారమూ అంతే. మూడోవారం, ఏమైతే అయిందని గుండె దిటవు చేసుకుని వచ్చాడు. లోపల చడీచప్పుడూ లేదు. నికనోరు పోయి నాలుగు రోజులైందన్నాడు సిపాయి.

"అయ్యో! ఇంక పాడనేలేదా?" అన్నాడు లూకియాను.

"పాడాడు. ఆ పూటే కాపలా పని అడిగి పుచ్చుకుని, లోపలికెళ్లి తన చరణం పాడాడు. జవాబు కోసం ఆగాడు. పదకొండేళ్లయింది, ఇంకా ఆగుతూనే ఉన్నాడు."

ఊపిరి అందక కాదన్నమాట. లూకియానుకు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా కాలు కదలలేదు.

పహోమి కుడిగోడ వారగా తన చోట నిలబడి మొదటి చరణం పాడి, ఆగాడు. ఎదుట ఎడమవైపు ఎవరూ లేరు. చరణం పట్టేంత సేపూ చూసి, గడపకేసి తిరిగాడు.

"ఆ తలుపు దగ్గర నేనూ నిలబడ్డాను నాయనా. అక్కడ మహా చలి."